గడప మీద తాడు గాడి: వన్ టౌన్ పాత మేడలు, అందులో బతికే మనుషులు

అడిగిన ప్రశ్న ఇది: "మాది విశాఖ వన్ టౌన్. కురుపాం మార్కెట్ దగ్గర ఒక పాత మేడలో, కింద గదిలో మా తాతగారి కాలం నుంచి వలదారాలు, తాళ్ళు, బెండ్లు, సీసం గుళ్ళు అమ్ముతున్నాం. తాడు లాగి లాగి గడప రాయి మీద వేలు దిగేంత గాడి పడింది. ఇప్పుడు ఇంటివారు మేడ బాగుచేయించి హెరిటేజ్ హోటల్‌కి ఇస్తామంటున్నారు, మమ్మల్ని ఖాళీ చేయమంటున్నారు. వీధిలో సగంమంది 'దీన్ని వారసత్వ కట్టడంగా ప్రకటించమని అర్జీ పెడదాం, ఇక ఎవరూ ముట్టుకోలేరు' అంటున్నారు. మిగతావాళ్ళు 'ఆ ముద్ర పడిందంటే ముందు మనల్నే పంపేస్తారు' అంటున్నారు. ఏం చేయమంటారు?"

ముందు రెండో వర్గం మాట వినండి. వాళ్ళు భయంతో అంటున్నా, అన్నమాట సరైనదే. వారసత్వ ముద్ర గోడకి రక్షణ ఇస్తుంది. గోడ లోపల ఎవరుండాలన్నది దానికి పట్టదు. అలాగని అర్జీ మానేయమని చెప్పడం లేదు. అర్జీలో ఏం రాస్తారన్న దాని మీదే మీ కొట్టు ఉండడం, పోవడం ఆధారపడి ఉంది. ఎందుకో వివరంగా చెబుతాను. కాస్త ఓపికగా చదవండి.

నేను పాత కట్టడాల మరమ్మతులు చేసే ఆర్కిటెక్ట్‌ని. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే పని, అందులో ఎక్కువ భాగం మన ఉత్తరాంధ్రలోనే. పదిహేనేళ్ళ కిందట కోటవీధి వైపు ఒక మేడ పని ఒప్పుకున్నాను. చాలా అందమైన ఇల్లు. మద్రాస్ టెర్రస్ పైకప్పు, అంటే బర్మా టేకు దూలాలు, వాటి మీద ఏటవాలుగా నిలబెట్టి పేర్చిన సన్న ఇటుక, ఆపైన సున్నం. ఎవరో మధ్యలో గోడలకి సిమెంటు పూయించారు. సిమెంటు గోడని ఊపిరి పీల్చుకోనివ్వదు. సముద్రపు గాలిలో ఉన్న తేమ, ఉప్పు లోపలే ఉండిపోయి ఇటుకని పిండి చేస్తాయి. ఆ సిమెంటంతా చెక్కించాం. సున్నం వారాల తరబడి నానబెట్టి, కరక్కాయ నీళ్ళు, అనకాపల్లి బెల్లం నీళ్ళు కలిపి మళ్ళీ పూయించాం. ఆ పూత పనికి నాకు మంచి పేరొచ్చింది.

ఆ మేడ కింద మూడు గదుల్లో ముగ్గురు అద్దెకుండేవారు. ఒక దర్జీ. ఇత్తడి గిన్నెలకి కళాయి వేసే పెద్దాయన. పొద్దున్నే ఇడ్లీ, అట్టు వేసి అమ్మే ఒకావిడ. "పని అయ్యేదాకా ఆరు నెలలు బయట ఉండండి, మళ్ళీ మీ గదులు మీకే" అని ఇంటివారు చెప్పారు. నేనూ పక్కనే ఉన్నాను, నమ్మాను, వాళ్ళకి నచ్చజెప్పాను కూడా. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. పని ముగిశాక ఆ మూడు గదులూ కలిపి ఒకే పెద్ద దుకాణానికి ఇచ్చారు. ముగ్గురిలో ఒక్కరూ తిరిగి రాలేదు. కళాయి వేసే గదిలో కొలిమి వెనక గోడంతా మసి పట్టి ఉండేది. దాన్ని మురికి అనుకుని దగ్గరుండి గీకించింది నేనే. నలభై ఏళ్ళ పని ఆ గోడ మీద రాసి ఉందని ఆ రోజు నాకు తట్టలేదు. నా దగ్గర ఆ ఇంటి కొలతల బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. కిటికీ చెక్కడం, కమాను వంపు, మెట్ల పిట్టగోడ, అన్నీ అంగుళం తేడా లేకుండా గీశాను. ఆ మూడు గదుల్లో మాత్రం "గది 1, గది 2, గది 3" అని ఉంది.

అట్లావిడ తరవాత పూర్ణా మార్కెట్ దగ్గర కనిపించింది. తిట్టలేదు. "గోడ తెల్లగా బాగున్నాదమ్మా. మరి నా సేతి అట్టు తిన్నోల్లు ఇప్పుడక్కడికెల్లి ఏటి తింతారు?" అని మాత్రం అంది. పదిహేనేళ్ళుగా ఆ మాట నాతోనే ఉంది. మీ ప్రశ్నకి ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే.

మీ వీధిలో జరుగుతున్నదానికి చదువుకున్నవాళ్ళు పెట్టిన పేరు జెంట్రిఫికేషన్. 1964లో లండన్ గురించి రాస్తూ రూత్ గ్లాస్ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ మాట వాడారు. కార్మికులుండే పాత పేటల్లోకి డబ్బున్నవాళ్ళు వచ్చి, ఇళ్ళు కొని బాగుచేసుకుంటూ పోతే, కొన్నాళ్ళకి ఆ పేటలో పాతవాళ్ళే మిగలరు. ఎవరూ ఎవరినీ మెడపట్టి గెంటక్కర్లేదు, అద్దె పెరిగితే చాలు. 1979లో నీల్ స్మిత్ దానికి డబ్బు లెక్క కట్టి చూపించాడు. ఒక స్థలం మీద ఇప్పుడు వస్తున్న అద్దె ఒకటి, మరో రకంగా వాడితే రాగల అద్దె ఇంకొకటి. ఈ రెండిటి మధ్య దూరం ఎంత పెరిగితే, పెట్టుబడి అంత తొందరగా అక్కడ వాలుతుంది. మీ కొట్టు అద్దెకీ, హోటల్ వాళ్ళు ఇస్తామన్నదానికీ మధ్య ఎంత తేడా ఉందో మీకు తెలుసు. ఆ తేడాయే మీ గుమ్మం ముందుకొచ్చి నిలబడింది.

వన్ టౌన్‌లో ఆ దూరం ఎలా పెరిగిందో మన ఊరివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఒకప్పుడు ఊరంటే అదే. కోట, పాత పోస్టాఫీసు, టౌన్‌హాలు, మెయిన్ రోడ్డు, సరుకు దిగే రేవు, అన్నీ అక్కడే. 1933లో కొత్త హార్బరు తెరిచాక ఓడల పని లోపలికి మళ్ళింది. వ్యాపారం మెల్లగా జగదాంబకి, అక్కణ్ణుంచి ద్వారకానగర్‌కి, ఆ తరవాత మధురవాడ దాకా పాకింది. డబ్బు ఊరొదిలి పైకి పోయింది, అద్దెలు కిందే ఉండిపోయాయి. కింద ఉండబట్టే మీ తాతగారి కొట్టు నడిచింది, కళాయి కొలిమి వెలిగింది. ఇప్పుడు సముద్రతీరమంతా కొత్త కంపెనీల మాటే. 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చిన దగ్గర్నుంచి భూమి మాట రాని టీకొట్టు లేదు. డబ్బు మళ్ళీ పాత ఊరివైపు తల తిప్పుతుంది. ఈసారి చేతిలో "వారసత్వం" అనే మాట పట్టుకుని వస్తుంది.

అయితే లండన్ కథని మన వీధికి అలాగే అతికించకండి. వన్ టౌన్‌లో పాత ఇల్లు పోవడానికి ఇప్పటిదాకా హోటళ్ళు కారణం కాదు. తాతలనాటి ఆస్తి, ఏడుగురు వారసులు, ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు అమెరికాలో. ఎవరూ మరమ్మతు చేయించరు. రావి మొక్క మొలుస్తుంది, గోడ చీలుతుంది, శిథిల భవనమని మున్సిపల్ నోటీసు అంటిస్తారు, ఒకరోజు పొక్లెయిన్ వస్తుంది. తరవాత అక్కడ అపార్టుమెంటు లేస్తుంది. ఇదే పాత పద్ధతి. ఇంటి ముఖం మిగిల్చి, లోపలి మనుషుల్ని మార్చేది కొత్త పద్ధతి. మీ వీధికి రెండు ప్రమాదాలూ ఉన్నాయి. కాబట్టి హోటల్‌ని ఆపేసి అదే గెలుపనుకోవద్దు. హోటల్ వెనక్కిపోయి మేడ అలాగే నానితే, అయిదారేళ్ళలో అదీ కూలుతుంది, మీరూ పోతారు.

ఇక్కడ అద్దెదారులే మరిచిపోయే సంగతి ఒకటుంది. పాత ఇల్లు ఇన్నేళ్ళు నిలబడింది మీ వల్ల. తాళం వేసిన మద్రాస్ టెర్రస్ ఇల్లు రెండు మూడు వానాకాలాలకే జబ్బు పడుతుంది. పైకప్పు మీద ఆకులు తీసి నీటి గొట్టం దారి చూసేది, మొక్క చిన్నగా ఉన్నప్పుడే పీకేసేది, చెదలు కనిపిస్తే కిరసనాయిలు పోసేది కింద గదుల్లో ఉన్నవాళ్ళే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది కదా. ఆ రాత్రి గడిచాక మీ మేడ మీదికెక్కి ఎవరు చూశారు? పగిలిన చోట టార్పాలిన్ ఎవరు కట్టారు? తలుపు రెక్క ఎవరు తిరిగి బిగించారు? వాటికైన ఖర్చు చీటీలేవైనా మిగిలి ఉంటే బయటికి తీయండి. ఈ మేడకి సంరక్షణ చేసింది ఎవరో చెప్పే సాక్ష్యం అది. నా అనుభవంలో, అధికారుల ముందు ఇంతకన్నా బాగా పనిచేసిన కాగితం లేదు.

ఇక ముద్ర సంగతి. జనం "హెరిటేజ్ లిస్టు" అని ఒకే మాట అంటారు గానీ అందులో వేరువేరు రకాలున్నాయి. కేంద్ర పురావస్తు శాఖ 1958 చట్టం కింద రక్షించేవి ఒక రకం. వాటి చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త కట్టుబడి నిషేధం, ఆపైన మరో 200 మీటర్లు అనుమతి ఉంటేనే. 2010లో చట్టాన్ని సవరించి ఈ హద్దులు గట్టిచేశారు. వన్ టౌన్ లాంటి ఇరుకు పేటలో ఈ గీత గీస్తే మీ ఇంటి మరమ్మతుకే కాళ్ళరిగేలా తిరగాలి. అద్దెకున్న మేడకి ఇది అడగకండి, రాదు, వచ్చినా మీకు మేలు కాదు. రాష్ట్ర పురావస్తు శాఖది 1960 చట్టం, అది మరో రకం. ఇక వారసత్వ పరిరక్షణకి పనిచేసే ఇన్‌టాక్ లాంటి స్వచ్ఛంద సంస్థలు తయారుచేసే జాబితాలున్నాయి. వాటికి చట్టబలం లేదు. అలాగని తీసిపారేయకండి. ఒక చోట పేరు నమోదైతే, కూల్చే ముందు ఎవరైనా ఒకసారి ఆగి ఆలోచిస్తారు, కోర్టులో కూడా ఒక ఆధారం అవుతుంది. కానీ ఈ మూడిట్లో దేంట్లోనూ "ఇక్కడ తాళ్ళు అమ్మే కుటుంబం ఉండాలి" అని రాసి ఉండదు. నిలువుటెత్తు కమాను గురించి రాస్తారు, గడప మీద గాడి గురించి రాయరు.

మలేషియాలో పెనాంగ్ దీవిలోని జార్జ్ టౌన్ గురించి తెలుసుకుంటే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. మన మెయిన్ రోడ్డులాగే కింద కొట్లు, పైన ఇళ్ళు. 1966 నాటి అద్దె నియంత్రణ చట్టం వల్ల తరతరాలుగా తక్కువ అద్దెకి తోపుడు బళ్ళవాళ్ళు, చేతిపనివాళ్ళు ఉండేవారు. 2000 రాగానే ఆ చట్టం రద్దైంది. అద్దెలు ఎగిశాయి, వేల కుటుంబాలు కదిలిపోయాయి. 2008లో యునెస్కో ఆ ఊరిని ప్రపంచ వారసత్వ నగరాల్లో చేర్చింది. అప్పటికి గోడలున్నాయి, వాటికి అందం తెచ్చినవాళ్ళలో చాలామంది లేరు. గుర్తింపు వచ్చాక పాత కొట్లు కొని హోటళ్ళు చేసే జోరు ఇంకా పెరిగింది. వాళ్ళలా మీరూ వరస తప్పకండి. ముందు మనుషులకి చోటు ఖాయం చేసుకుని, ఆ తరవాత గోడకి బిరుదు అడగండి.

మన ఊళ్ళోనే అంతకన్నా పాత పాఠం ఒకటుంది. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి పైకప్పు లేదు, గర్భగుడి తలుపు లేదు, ఎవరైనా వెళ్ళి తమ చేత్తో పసుపు కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకోవచ్చు. గుడి చెప్పే కథ ప్రకారం 1917లో రోడ్డు వెడల్పు చేయడానికి మున్సిపాలిటీ అమ్మవారిని ముప్ఫై అడుగులు పక్కకి జరిపింది. ఊళ్ళో ప్లేగు వచ్చింది. అమ్మని కదిల్చినందుకే వచ్చిందని జనం పట్టుబట్టారు, మళ్ళీ పాత చోటికే తెచ్చి నిలబెట్టారు. నేను ఆ కథని మా కుర్ర ఆర్కిటెక్టులకి పనిలో చేరిన మొదటి వారమే చెబుతాను. విగ్రహం అదే, ముప్ఫై అడుగులే జరిగింది, అయినా జనం ఒప్పుకోలేదు. చోటుకీ, అక్కడ జరిగే పనికీ ఉన్న ముడి వాళ్ళకి తెలుసు. మీ కొట్టుని గాజువాక కాంప్లెక్సులోకి మార్చి "వ్యాపారం మీదే కదా" అంటే సరిపోదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. చేపల రేవుకి వెళ్ళే మనిషి దారిలో మీ దగ్గర ఆగి వలకి దారం కొనుక్కుంటాడు. ఆ దారిలో లేని కొట్టుకి వాడెందుకు వస్తాడు?

ఇప్పుడు చట్టంలో మీకు పనికొచ్చేవి చెబుతాను. నేను లాయర్ని కాను, మంచి సివిల్ లాయరుకి చూపించుకోండి, కానీ ఏం అడగాలో తెలిసి వెళ్ళండి.

మీ వీధిలో నేలమీద, బండి మీద పెట్టుకుని అమ్మేవాళ్ళందరికీ 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఉంది. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదని అందులో ఉంది. మార్చాల్సి వస్తే ముప్ఫై రోజుల నోటీసు ఇవ్వాలి. వీధి వ్యాపారం సంగతులు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, అందులో మూడోవంతు ఆడవాళ్ళు. వీటన్నిటికన్నా ముఖ్యమైన మాట ఆ చట్టం రెండో షెడ్యూలులో ఉంది. యాభై ఏళ్ళకి పైగా వీధి వ్యాపారం జరుగుతున్న సహజ మార్కెట్లని, అంటే అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు ఆనవాయితీగా చేరే చోట్లని, వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలి, అక్కడివాళ్ళని వేరేచోటికి తరలించకూడదు. చూశారా, మన దేశపు చట్టంలోనే "వారసత్వం" అనే మాట గోడకి కాకుండా బుట్టలో కూర పెట్టుకుని కూర్చున్న మనిషికి వాడారు. ఈ సంగతి మన పట్టణ ప్రణాళిక వాళ్ళలో చాలామందికి తెలియదు, తెలిసినవాళ్ళు ఎత్తరు. కురుపాం మార్కెట్, పూర్ణా మార్కెట్ చుట్టూ యాభై ఏళ్ళ లెక్క చూపించడం ఏమంత కష్టం? పాత పన్ను రసీదులు, ఆశీలు చీటీలు, ఫొటోలు, ముసలివాళ్ళ వాంగ్మూలాలు చాలు. అయితే ఒక్కటి గుర్తుంచుకోండి, ఈ చట్టం వీధి మీద అమ్మేవాళ్ళకి. మీలా నాలుగు గోడల మధ్య అద్దెకున్నవాళ్ళకీ, మార్కెట్ లోపలి దుకాణాలకీ ఇది వర్తించదు. అయినా మీకు దీనితో పని ఉంది. మీ గుమ్మం ముందున్న మార్కెట్‌కి ఆ గుర్తింపు వస్తే, దాన్ని నమ్ముకున్న మీ కొట్టుకీ ఒక బలం వస్తుంది.

మీకు నేరుగా పనికొచ్చేది సుప్రీంకోర్టు 2014లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు. మహారాష్ట్రలో ఒక అద్దె భవనాన్ని మున్సిపాలిటీ శిథిలమని కూల్చేసింది. భవనం పోయింది కాబట్టి అద్దె హక్కు కూడా పోయిందని యజమాని వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. అద్దెకిచ్చినదాంట్లో కట్టడంతో పాటు కింది నేల కూడా ఉంది, కట్టడం కూలినంత మాత్రాన అద్దె హక్కు దానంతట అది ఆరిపోదు అంది. శిథిల భవనమని నోటీసు అంటించగానే మన వన్ టౌన్‌లో సగంమంది సామాన్లు సర్దుకుంటారు. సర్దుకోకండి. ముందు ఆ గదిలో మీరున్నారని నిరూపించే కాగితాలు పోగుచేయండి: అద్దె రసీదులు, ట్రేడ్ లైసెన్సు, కరెంటు బిల్లులు, తాతగారి పేరున్న పాత ఉత్తరాలు. నోటీసు వస్తే సంతకం పెట్టి తీసుకోండి, తేదీ వేసుకోండి, జవాబు రాతలోనే ఇవ్వండి. అద్దె మాత్రం ఏ నెలా ఆపకండి. ఇంటివారు తీసుకోకపోతే మనియార్డరు చేయండి, లేదా లాయర్ని అడిగి కోర్టులో జమచేయండి. కోపంతో అద్దె ఎగ్గొట్టి, ఆ ఒక్క కారణంతో కేసు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను.

ఇంటివారి సంగతి. వాళ్ళని శత్రువుల్ని చేసుకోకండని గట్టిగా చెబుతున్నాను. ముప్ఫై ఏళ్ళ కిందటి అద్దెతో టేకు దూలం మార్చడం ఎవరి తరమూ కాదు. వాళ్ళ కష్టం నిజం. హోటల్ వాళ్ళు వచ్చి లక్షలు పెట్టి బాగుచేయిస్తామంటే వాళ్ళకి దేవుడు దిగివచ్చినట్టే ఉంటుంది. కూర్చుని మాట్లాడండి, మాట్లాడేటప్పుడు రెండు విషయాలు చెప్పండి.

మొదటిది, మరమ్మతుకి కింద గదులు ఖాళీ చేయనక్కర్లేదు. ఇది నా వృత్తి కాబట్టి నొక్కి చెబుతున్నాను. మద్రాస్ టెర్రస్ పైకప్పుని దూలానికీ దూలానికీ మధ్య ఒక్కో భాగం చొప్పున, కింద ఆసరాగా పోటు కర్రలు పెట్టి బాగుచేయవచ్చు. ఒక గది పని జరిగేటప్పుడు ఆ కొట్టు పక్క గదిలోకో వరండాలోకో జరుగుతుంది, మూడు నాలుగు వారాల్లో తిరిగి వస్తుంది. పని కాస్త నెమ్మదిస్తుంది, ఖర్చు కొంచెం పెరుగుతుంది. అంతే. "మొత్తం ఖాళీ చేస్తేగానీ పని కాదు" అని ఏ ఇంజినీరైనా అంటే, ఏ దూలం, ఏ గోడ, ఎందుకు అని రాసిమ్మనండి. చాలాసార్లు రాసివ్వరు.

రెండోది, ఈ మేడలు పుట్టిందే కింద కొట్లు, పైన బస అనే పద్ధతిలో. హోటల్ పైన పెట్టుకోమనండి. కింద కొట్లు ఉండనివ్వమనండి. అద్దె న్యాయంగా పెంచడానికి మీరు సిద్ధమని మీరే ముందు చెప్పండి, ఎంత, ఎన్నేళ్ళకోసారి అన్నది కూడా. కొద్ది రోజులు బయటికి వెళ్ళక తప్పని పరిస్థితి వస్తే, తిరిగి అదే గదికి, ఫలానా తేదీలోగా, ఫలానా అద్దెకి వస్తామని రిజిస్టరు చేయించిన ఒప్పందం లేకుండా ఒక్క తాడు చుట్ట కూడా కదిలించకండి. నోటిమాట నమ్మి ముగ్గురి బతుకు పోవడానికి నేను సాక్షిని.

ఇక అర్జీ. నగరపాలక సంస్థ జీవీఎంసీ కమిషనరుకి, కలెక్టరుకి, పట్టణాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏకి, ఇన్‌టాక్ విశాఖ శాఖకి, అందరికీ ఒకే అర్జీ పంపండి. కానీ దాంట్లో మేడ వయసు, కమానుల అందం రాసి ఊరుకోకండి. ముందు ఒక పటం గీయండి. వీధిలో ప్రతి గది, ప్రతి గడప, ప్రతి బండి. ఎవరు, ఎన్నేళ్ళనుంచి, ఏం చేస్తారు, సరుకు ఎక్కణ్ణుంచి వస్తుంది, ఎవరు కొంటారు. మీ కొట్టుకీ జాలరిపేటలకీ మధ్య గీత గీయండి. కళాయి వేసేవాళ్ళు మిగిలి ఉంటే వాళ్ళకీ మార్కెట్‌లోని ఇత్తడి సామాన్ల కొట్లకీ మధ్య గీయండి. ఆ గీతలన్నీ చూసినవాడికి ఒక ఇల్లు పోతే ఎన్ని ఇళ్ళు కదులుతాయో అర్థమవుతుంది. యునెస్కో కూడా 2011లో చారిత్రక నగర దృశ్యం గురించి చేసిన సిఫారసులో కట్టడాలతో పాటు సామాజిక, ఆర్థిక జీవితాన్ని కలిపి చూడమంది. కాబట్టి మీరు అడిగేది ప్రపంచంలో ఎక్కడా లేని కోరికేం కాదు, ఆ మాట అర్జీలో రాయండి.

పనివాళ్ళని మరిచి వస్తువుని దాచుకోవడం మన ఊరికి కొత్త కాదు. 18వ శతాబ్దంలో విశాఖ కంసాలులు చెక్క మీద ఏనుగు దంతం పొదిగి చేసిన పెట్టెలు, కుర్చీలు ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయి. వాటిని చూడడానికి విమానమెక్కి వెళ్ళేవాళ్ళున్నారు. చేసినవాళ్ళ వీధి ఏదని అడిగితే ఈ ఊళ్ళో ఎంతమంది చూపించగలరు? మీ పటం గీసేటప్పుడు పేర్లు రాయండి, పూర్తి పేర్లు, తండ్రి పేర్లతో.

బయటివాళ్ళ సాయం తీసుకోండి, పెత్తనం ఇవ్వకండి. మాలాంటివాళ్ళం ఆదివారం పొద్దున్న హెరిటేజ్ వాక్ అని వచ్చి, విక్టోరియా రాణి విగ్రహం, పాత యూరోపియన్ సమాధులు, 1804లో రేవులో జరిగిన ఫ్రెంచి, ఇంగ్లీషు ఓడల యుద్ధం చూపించి వెళ్ళిపోతాం. అలా వచ్చినవాళ్ళని మీ కొట్టు ముందు ఆపండి. తాడు ఎలా పేనుతారో, ఏ వలకి ఏ దారమో మీరే చెప్పండి. వాళ్ళలో ఒకరు లాయరు, ఒకరు విలేకరి, ఒకరు కాలేజీ లెక్చరరు ఉంటారు, ఆ పరిచయాలు రేపు పనికొస్తాయి. కానీ మీ తరఫున కలెక్టరు దగ్గర మాట్లాడేది మాత్రం మీ వీధివాళ్ళే అయి ఉండాలి. ఆడవాళ్ళని ముందు కూర్చోబెట్టండి. పదేళ్ళనుంచి వీధి సభలకి వెళుతున్నాను, ఎవరి అద్దె ఎంతో, ఎవరికి ఎక్కడ అప్పుందో, ఎవరు ఎప్పుడు మెత్తబడతారో వాళ్ళకే తెలుసు.

ధర్నా చేయమని కొందరు అంటారు. చేయండి, తప్పులేదు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో రోడ్డెక్కిన ఊరు మనది. ఆ ఉక్కు కోసం భూములిచ్చి నిర్వాసితులైనవాళ్ళ పిల్లలు ఆర్ కార్డులు (నిర్వాసితులకిచ్చిన పునరావాస కార్డులు) పట్టుకుని ఎన్నేళ్ళు తిరిగారో కూడా మనకి తెలుసు. పోరాటం గెలిచిందన్న సంతోషంలో ఎవరికి ఏం రావాలో కాగితం మీద సరిగ్గా పెట్టించుకోకపోతే ఆ తిరుగుడు తప్పదు. అందుకే ఊరేగింపుకి ముందు ఫైలు తయారుగా ఉండాలంటాను. టెంటు వేసిన రోజు ఒక అధికారి వచ్చి "మీకేం కావాలి?" అని అడిగితే, నాలుగు ముక్కల్లో రాసిన కాగితం చేతికివ్వగలగాలి.

తీరం వెంట జాలరి ఊళ్ళకీ ఇదే బెడద ఉంది. బీచ్ రోడ్డు అందంగా ఉండాలంటే ఎండబెట్టిన చేపలు, బోర్లించిన తెప్పలు కనబడకూడదన్న ఆలోచన చాలామంది బుర్రల్లో ఉంది. వాళ్ళకి తీరప్రాంత నియంత్రణ నిబంధనల్లో వేరే దారి ఉంది. మత్స్యకారుల ఊళ్ళు, వాళ్ళ ఉమ్మడి స్థలాలు తీరప్రాంత ప్రణాళిక పటాల్లో గుర్తించాలి. అది వేరే పెద్ద విషయం, ఎవరైనా విడిగా అడిగితే రాస్తాను. ఇక్కడ చెప్పడం ఎందుకంటే, మీ దగ్గర దారం కొనేది వాళ్ళే. వాళ్ళ తెప్ప ఒడ్డున నిలవకపోతే మీ గది మీకు మిగిలినా బేరం ఉండదు. వాళ్ళ సంఘం పెద్దల్ని మీ సభకి పిలవండి, వాళ్ళ సభకి మీరు వెళ్ళండి.

ఆఖరుగా ఆ గడప రాయి. ఈ వారమే ఒక పని చేయండి. దాని మీద పల్చటి తెల్ల కాగితం పరిచి పెన్సిల్ పక్కకి వాల్చి రుద్దండి, గాడి ఆకారం కాగితం మీదికి వస్తుంది. గాడి పొడవు, వెడల్పు, లోతు స్కేలుతో కొలిచి ఆ కాగితం మీదే రాయండి. రోజు వెలుతురు పక్కనుంచి పడేటప్పుడు, అంటే పొద్దున్నో సాయంత్రమో ఫొటో తీయండి. మరమ్మతు మొదలైతే రాళ్ళ మేస్త్రీ ముందు చేసే పని గడపలు సానబెట్టి నునుపు చేయడమే. అది తప్పని అతనికి ఎవరూ చెప్పరు, నేనూ ఒకప్పుడు చెప్పలేదు. ఇంటివారితో రాసుకునే ఒప్పందంలో "గడప రాయి ఉన్నది ఉన్నట్టు ఉంచాలి" అని ఒక వాక్యం చేర్చండి.

మీ వీధి కొలతలు తీయడానికి నేను ఇద్దరు విద్యార్థుల్ని తీసుకుని వస్తాను, ఫీజు అక్కర్లేదు. ఆ బొమ్మలో మీ గదికి అంకె వేయను, మీ తాతగారి పేరు రాస్తాను, కాబట్టి ఆయన పూర్తి పేరు, కొట్టు తెరిచిన సంవత్సరం కనుక్కుని ఉంచండి. తేదీ మీరే చెప్పండి. మార్గశిర గురువారం మాత్రం వద్దు, ఆ వేళ బురుజుపేట అమ్మవారి దర్శనానికొచ్చే జనంతో ఆ సందుల్లో టేపు పట్టడానికి చోటుండదు.